కాంట్రాక్టు ముగిసింది, క్లబ్బు తలుపు ఎలా తట్టాలి?

మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయాక, ఆటగాళ్ల ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారింది. ఇదివరకు ‘ట్రయల్స్ ఎప్పుడు పెడతారు’ అని అడిగేవారు. ఇప్పుడు ‘కాంట్రాక్టు అయిపోయింది, ఎవరిని అడగాలి’ అంటున్నారు. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: నా వయసు 26. లెఫ్ట్ బ్యాక్‌ని, ఎడమకాలు. రెండు సీజన్లు ఐ-లీగ్‌లో ఆడాను. మే 31తో కాంట్రాక్టు ముగిసింది, క్లబ్బు పొడిగించలేదు. రెండు నెలల్లో నలభై మందికి వాట్సాప్‌లో హైలైట్స్ పంపాను. ఇద్దరు ‘చూస్తాం తమ్ముడూ’ అన్నారు. మిగతావాళ్లు చూసి కూడా పలకలేదు. తప్పు ఎక్కడ జరుగుతోంది?
– ఒక ఆటగాడు, బోలారం

జవాబు: ఆ నలభై మందిలో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్, అవసరం ఉన్నవాళ్లు ఎందరు? ఆ లెక్క తేలకుండా వీడియో పంపడమంటే, పెళ్లికూతురు ఉందో లేదో కనుక్కోకుండా పెళ్లిచూపులకు బయల్దేరడమే. మీ ఆట బాగుండొచ్చు. కానీ క్లబ్బులో కూర్చున్న మనిషి మీ ఆట గురించి ఆలోచించడం లేదు, తన జట్టులో ఖాళీ గురించి ఆలోచిస్తున్నాడు.

కాబట్టి ముందు పదిహేను క్లబ్బుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. మీరు ఆడిన మెట్టువి, ఒక మెట్టు పైవి, ఒక మెట్టు కిందివి. ప్రతి పేరు ఎదుట ఐదు విషయాలు నింపండి: లెఫ్ట్ బ్యాక్‌లు ఎందరు, వాళ్ల వయసులెంత, కిందటి సీజన్‌లో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎవరి కాంట్రాక్టు ఎప్పటిదాకా, ఎవరికి గాయం. ఆటగాళ్ల వివరాలుండే ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ వెబ్‌సైట్‌లో కొంత దొరుకుతుంది. మన దేశపు ఆటగాళ్ల కాంట్రాక్టు తేదీలు అక్కడ అన్నీ సరిగ్గా ఉండవు, అందుకని క్లబ్బు ప్రకటనలతో, మ్యాచ్ లైనప్‌లతో సరిచూసుకోండి. కుడికాలి ఆటగాడిని ఎడమవైపు సర్ది ఆడిస్తున్న జట్టు కనబడితే దాని చుట్టూ సున్నా చుట్టండి. పదిహేనులో అలాంటివి మూడో నాలుగో తేలతాయి. మీ అసలు పని వాటితోనే.

ఎవరికి రాయాలి? యజమానికీ, క్లబ్బు ఇన్‌స్టాగ్రామ్ పేజీకీ వద్దు. జట్టు ఎంపిక చూసే స్పోర్టింగ్ డైరెక్టర్ లేదా ఫుట్‌బాల్ హెడ్, ఆ తర్వాత వీడియో ఎనలిస్ట్, అసిస్టెంట్ కోచ్. ఎనలిస్టును చాలామంది వదిలేస్తారు. నిజానికి మీ లింకు పూర్తిగా చూసే ఓపిక ఉన్నది ఆయనకే.

సందేశం ఆరు వరుసలు దాటకూడదు. మొదటి వరుసలో స్థానం, కాలు, పుట్టిన తేదీ, ఎత్తు. రెండో వరుసలో చివరి క్లబ్బు, ఆడిన మ్యాచ్‌లు, నిమిషాలు. మూడో వరుసలో కాంట్రాక్టు ఏ తేదీన ముగిసిందో, బదిలీ రుసుము లేదని. నాలుగో వరుస ఆ క్లబ్బుకు మాత్రమే రాయాల్సింది: ‘కిందటి సీజన్ చివరి మ్యాచ్‌లలో మీరు ఎడమవైపు కుడికాలి ఆటగాడిని ఆడించారు, నేను సహజంగా ఎడమకాలివాణ్ని’. ఐదో వరుసలో వీడియో లింకు, ఆరో వరుసలో ఫోన్ నంబరు. ‘ఒక్క అవకాశం ఇప్పించండి సార్’ అన్న మాట ఎక్కడా రాకూడదు. జీతం సంగతి కూడా ఇక్కడ ఎత్తొద్దు.

ఇక వీడియో. సగం మంది బోల్తా పడేది ఇక్కడే, అదీ ఆట వల్ల కాదు. వాట్సాప్‌లో నేరుగా పంపిన వీడియో నలిగిపోతుంది, బంతి కూడా కనబడదు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి ‘లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అన్న అనుమతి ఇవ్వడం మరిచిపోతే అవతలివాళ్లు అనుమతి అడుగుతూ కూర్చోరు, మూసేస్తారు. వీట్రాన్స్‌ఫర్ లింకులకు గడువు తీరిపోతుంది. యూట్యూబ్‌లో ‘ప్రైవేట్’ అని పెడితే మీకు, మీరు విడిగా అనుమతించినవాళ్లకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. ‘అన్‌లిస్టెడ్’ అని పెట్టాలి. టీవీ ప్రసారపు దృశ్యాలను యూట్యూబ్ హక్కుల పేరుతో ఆపేయొచ్చు కాబట్టి డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. పంపే ముందు మీ ఖాతా లేని వేరే ఫోన్‌లో లింకు తెరిచి చూడండి.

నిడివి నాలుగు నిమిషాలు చాలు. మొదట నాలుగు సెకన్లు మీ వివరాల కార్డు. తర్వాత ఇరవై వరకు ముక్కలు, ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండు సెకన్లు. బంతి మీ దగ్గరికి రావడానికి మూడు సెకన్ల ముందు నుంచే ముక్క మొదలవ్వాలి, ఎందుకంటే మీరు ఎక్కడ నిలబడ్డారో, తల తిప్పి చూశారో లేదో స్కౌట్ గమనించేది ఆ మూడు సెకన్లలోనే. ముక్క మొదట్లో అర సెకను ఆపి మీ చుట్టూ ఒక వలయం గీయండి. పాటలు, స్లో మోషన్, మెరుపులు వద్దు. డిఫెండర్ వీడియోలో మొదటి పది ముక్కలు డిఫెన్స్‌వే ఉండాలి: ఒకరితో ఒకరు ఎదురైనప్పుడు, క్రాస్ అడ్డుకోవడం, అవతలి వైపు నుంచి క్రాస్ వచ్చినప్పుడు వెనక పోస్ట్ దగ్గర కాపు కాయడం, బంతి పోయాక వెనక్కి పరుగు. ఓవర్‌ల్యాప్‌లూ (వింగర్‌ను దాటి ముందుకెళ్లే పరుగులు), మీ క్రాస్‌లూ తర్వాత. లెఫ్ట్ బ్యాక్‌లు సర్వసాధారణంగా ఇది తలకిందులుగా చేస్తారు. చూసేవాడికి ‘వీడికి వెనక పని రాదేమో’ అన్న అనుమానం అక్కడే పుడుతుంది.

హైలైట్స్ కింద రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు తప్పకుండా పెట్టండి. ఒకటి బలమైన జట్టుపై ఆడింది, ఒకటి మీరు చివరగా ఆడింది. ఎవరి హైలైట్స్ అయినా బాగానే ఉంటాయని వాళ్లకు తెలుసు. మ్యాచ్ ఇవ్వకపోతే దాచాడనుకుంటారు. పాత క్లబ్బు ఎనలిస్టు దగ్గర మీ మ్యాచ్‌లు ఉంటాయి. వైస్కౌట్, హడల్ వంటి మ్యాచ్ వీడియో వేదికలు క్లబ్బు ఖాతాలో ఉంటాయి కనుక ఆలస్యం చేస్తే అవి అందకుండా పోతాయి. ఈ వారమే అడగండి.

చివరి మాట: రెండు నెలలుగా మ్యాచ్ లేదు కాబట్టి ‘ఇప్పుడు ఫిట్‌గా ఉన్నాడా’ అన్న సందేహానికి మీరే ముందుగా జవాబివ్వాలి. పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే, 10 మీటర్ల, 30 మీటర్ల పరుగులు, యో-యో టెస్ట్ (బీప్ శబ్దానికి తగ్గట్టు అటూ ఇటూ పరుగెత్తే దమ్ము పరీక్ష) మొదటి స్థాయి చేసి, తేదీ పైకి చదివి, మధ్యలో కట్ లేకుండా తీయించండి. యో-యో టెస్ట్‌లో మేటి స్థాయి ఆటగాళ్లు 2,400 మీటర్ల దరిదాపుల్లో ఉంటారు. మీది అంతకు తక్కువైతే అంకె పంపకుండా ఇంకో మూడు వారాలు కష్టపడండి. జవాబు రాకపోతే పది రోజులకు ఇంకోసారి రాయండి, కానీ చేతిలో ఈ టెస్ట్ లాంటి కొత్త సంగతి ఉంటేనే. ‘నా మెసేజ్ చూశారా సార్’ అనడానికైతే వద్దు.

ప్రశ్న: మా పిల్లగానికి పదిహేడేండ్లు. అకాడమీవాళ్లు మొన్న తీసేసిన్రు. ఒకాయన ఫోన్ చేసి పోర్చుగల్‌ల క్లబ్బు ట్రయల్ ఇప్పిస్తనన్నడు. మూడున్నర లక్షలు ముందుగాల కట్టాలంట. లెటర్‌హెడ్ మీద కాయిదం గూడ పంపిండు. అప్పు జేసి కట్టమంటరా?
– ఒక తండ్రి, అల్వాల్

జవాబు: కట్టకండి. ఇందులో డబ్బు కన్నా ముందు చూడాల్సింది మీ అబ్బాయి వయసు. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ని వేరే దేశపు క్లబ్బు నమోదు చేసుకోకూడదన్నది ఫిఫా నియమం. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి వలస వెళ్లడం, సరిహద్దుకు 50 కిలోమీటర్ల లోపు నివాసం, యూరప్ దేశాల మధ్య బదిలీ వంటి కొన్ని మినహాయింపులున్నాయి. అల్వాల్‌లో ఉన్న కుటుంబానికి వాటిలో ఏదీ పట్టదు. ట్రయల్ అద్భుతంగా చేసినా ఆ క్లబ్బు మీ వాణ్ని తీసుకోలేదు. ఇది తెలియని ఏజెంటు ఏజెంటే కాదు. తెలిసి అడుగుతున్నవాడి గురించి చెప్పనక్కర్లేదు.

పద్దెనిమిది నిండాక కూడా ఇలాంటి ఫోన్లు వస్తాయి, అందుకని కొలతలు చెబుతాం. 2023 నుంచి ఏజెంటుకు ఫిఫా లైసెన్సు తప్పనిసరి, దానికి పరీక్ష పాసవ్వాలి. లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా ఫిఫా వెబ్‌సైట్‌లో ఉంది. పేరు కొట్టి చూడండి, ఫోన్‌లో వాళ్లే పంపిన ఫోటోను నమ్మకండి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఆటగాడితో రెండేళ్లకు మించకూడదు. మైనరైతే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. ఏజెంటు రుసుము ఆటగాడికి నిజంగా వచ్చే సంపాదనలో ఇంత శాతమని లెక్కగట్టేది. సంపాదన పుట్టకముందే రుసుము అడుగుతున్నాడంటే అతని వ్యాపారం వేరు. రెండు లక్షల డాలర్ల వార్షిక ఆదాయం వరకు 5 శాతం, ఆపై 3 శాతం అని ఫిఫా పెట్టిన పరిమితి కోర్టు గొడవల వల్ల 2023 చివర నిలిచిపోయింది కాబట్టి శాతం ఎంతో మీ కాగితంలో స్పష్టంగా రాయించుకోవాల్సిందే.

లెటర్‌హెడ్ ఎవరైనా తయారుచేస్తారు. అందులోని నంబరుకు కాకుండా, క్లబ్బు సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు ఫోన్ చేయండి. ‘అంతర్జాతీయ బదిలీ పత్రానికి ఇంత’ అని అడిగితే అది పచ్చి అబద్ధం. ఆ పత్రాన్ని దేశ సంఘాలు ఒకదానికొకటి ఉచితంగా ఇచ్చుకోవాలి, ఆటగాడు కొనుక్కునేది కాదు. టూరిస్టు వీసాతో వెళ్లి కాంట్రాక్టు మీద ఆడటం కుదరదు. ఇంగ్లండ్ పేరు చెప్పినా అంతే: అక్కడి వర్క్ పర్మిట్ పాయింట్ల పద్ధతిలో దేశం ర్యాంకు లెక్కలోకి వస్తుంది. ఫిఫా ర్యాంకుల్లో వందకు దిగువన ఉన్న మన దేశం నుంచి నేరుగా వెళ్లడం దాదాపు అసాధ్యం.

ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. తొందరగా చెప్తే బ్యాంకులో డబ్బు ఆపే వీలుంటుంది.

ప్రశ్న: కొత్త క్లబ్బు దొరికేలోపు రహీం లీగ్‌లో ఆడి ఫిట్‌గా ఉండొచ్చా? ఒక స్థానిక జట్టు రమ్మంటోంది.
– ఒక మిడ్‌ఫీల్డర్, నాంపల్లి

జవాబు: ఆడొచ్చు, కానీ సంతకం పెట్టే ముందు మూడు ముళ్లు చూసుకోండి.

ప్రొఫెషనల్‌గా ఆడినవాడు అమెచ్యూర్‌గా తిరిగి నమోదు కావాలంటే చివరి ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడి కనీసం 30 రోజులు గడవాలి. ఒక సీజన్‌లో మూడు క్లబ్బుల్లో నమోదు కావొచ్చు, అధికారిక మ్యాచ్‌లు ఆడేది మాత్రం రెండింటికే. స్థానిక లీగ్ ఈ లెక్కలోకి వస్తుందా రాదా అని తెలంగాణ ఫుట్‌బాల్ సంఘంలో అడిగి తెలుసుకున్నాకే దిగండి. మూడోది, అందరూ తర్వాత తల పట్టుకునేది: జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ వారి ఆటగాళ్ల నమోదు వ్యవస్థ సీఆర్‌ఎస్‌లో మీ పేరు ఒకసారి స్థానిక జట్టు కింద ఎక్కితే, రేపు ప్రొఫెషనల్ క్లబ్బు పిలిచినప్పుడు ఆ జట్టు మిమ్మల్ని వదలాలి. ‘పిలుపు వస్తే అడ్డు చెప్పం’ అని ముందే కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు, తర్వాత కార్యదర్శి మారిపోతాడు.

నమోదు అక్కర్లేని దారి కూడా ఉంది. ప్రొఫెషనల్ జట్టుతో సాధన చేయడానికి అనుమతి అడగడం. ఫ్రాన్స్‌లో ఆటగాళ్ల సంఘం యూఎన్ఎఫ్‌పీ, జర్మనీలో వీడీవీ ఏటా క్లబ్బు లేనివాళ్లకు శిబిరాలు పెట్టి, క్లబ్బులతో సన్నాహక మ్యాచ్‌లు ఆడిస్తాయి. ఇక్కడ ఆ పని మీరే చేసుకోవాలి: క్లబ్బు లేని ఆటగాళ్లు (ఫ్రీ ఏజెంట్లు) నలుగురైదుగురు కలిసి సాధన చేయండి, స్నేహపూర్వక మ్యాచ్ ఒకటి పూర్తిగా చిత్రీకరించండి. అందరికీ తాజా మ్యాచ్ చేతికొస్తుంది, ఖర్చు పంచుకోవచ్చు.

ప్రశ్న: ఆటగాళ్ల బదిలీల విండో మూసేశారు. జనవరి దాకా చేతులు ముడుచుకుని కూర్చోవడమేనా?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: మీ కాంట్రాక్టు విండో మూయకముందే ముగిసి ఉంటే అక్కర్లేదు. అలాంటి ప్రొఫెషనల్‌ను విండో బయట కూడా నమోదు చేసుకునేందుకు ఫిఫా నియమం వీలు కల్పిస్తుంది. విండో మూసిన మరుసటి రోజు ముగిస్తే ఈ వెసులుబాటు లేదు. అందుకే కాంట్రాక్టు ముగిసిన తేదీ చూపే కాగితం సందేశానికి జత చేయండి. ఆ లీగ్‌లో జట్టు జాబితా నిండిందో లేదో క్లబ్బునే అడగండి. విండో మూసిన రెండు మూడు వారాల్లో ఎక్కడో ఒకచోట మోకాలు మెలితిరుగుతుంది. ఆ క్లబ్బుకు అప్పుడు దొరికేది మీలాంటివాళ్లే. లైనప్‌లు వారం వారం చూడటం మానొద్దు.

ఇంకా కాంట్రాక్టులో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. చివరి ఆరు నెలల్లోకి వచ్చాక వేరే క్లబ్బుతో ముందస్తుగా సంతకం చేసుకోవచ్చు. చర్చలకు ముందు ఆ కొత్త క్లబ్బు మీ ప్రస్తుత క్లబ్బుకు రాతపూర్వకంగా తెలపాలి. ఖాళీ అయ్యాక వెతికేవాడి కన్నా ఈ ఆరు నెలల్లో వెతికేవాడికి బేరం బాగా కుదురుతుంది.

ప్రశ్న: గోల్‌కీపర్‌ని, 31 ఏళ్లు. వయసు చూసి పక్కన పెడుతున్నారు.
– ఒక గోల్‌కీపర్, సికింద్రాబాద్

జవాబు: గోల్‌కీపర్‌కు 31 ముసలితనం కాదు, కానీ మొదటి కీపర్‌గా తీసుకోండి అని అడిగితే వినేవాళ్లు తగ్గుతారు. కుర్ర కీపర్ ఉన్న జట్లను వెతికి, అతనికి పోటీగా, తోడుగా రెండో కీపర్ స్థానానికి రాయండి. ఏఐఎఫ్ఎఫ్ డి కోచింగ్ లైసెన్సు ఉంటే ఆ మాట పైకి తేవాలి. చిన్న క్లబ్బుకు కుర్రవాళ్లకు సాధన చేయించగల కీపర్ అంటే ఒక జీతంలో రెండు పనులు.

వీడియోలో డైవింగ్ సేవ్‌లు ఆరు చాలు. పక్క నుంచి వచ్చే క్రాస్ గాల్లో పట్టడం, ఒకరితో ఒకరు ఎదురైనప్పుడు ముందుకు వచ్చే సమయం, వెనక్కి ఇచ్చిన బంతిని రెండు కాళ్లతో ఆడటం, వీటికే ఎక్కువ చోటివ్వండి. ఒక మ్యాచ్‌లో మీ దిక్కు వచ్చిన షాట్లన్నీ, తిన్న గోల్స్‌తో సహా, వరుసగా పెట్టండి. తిన్న గోల్ దాచిన కీపర్ వీడియోను గోల్‌కీపింగ్ కోచ్ నమ్మడు.

ప్రశ్న: ఒక క్లబ్బు కాంట్రాక్టు పంపింది. సంతకం పెట్టాక మెడికల్ చేస్తారట, అందులో ఫెయిలైతే రద్దట. ఇంకో క్లబ్బు కూడా మాట్లాడుతోంది. దీని మీద సంతకం పెట్టేసి దాన్నీ చూడొచ్చా?
– ఒక స్ట్రైకర్, ఉప్పల్

జవాబు: రెండు ప్రశ్నలకూ ఫిఫా నియమాల్లో సూటిగా జవాబుంది. కాంట్రాక్టు చెల్లుబాటును మెడికల్ ఫలితానికి గానీ, వర్క్ పర్మిట్‌కు గానీ ముడిపెట్టకూడదు. మెడికల్ ముందు చేయించమనండి, సంతకం తర్వాత. మీకు పాత గాయం ఉంటే ఎంఆర్ఐ రిపోర్టు, డాక్టరు ఇచ్చిన అనుమతి పత్రం ముందే ఇవ్వండి. దాచి దొరికిపోతే ఆ ఒక్క క్లబ్బుతో ఆగదు. ఇక ఒకే కాలానికి రెండు కాంట్రాక్టుల మీద సంతకం అసలొద్దు. నాలుగు నెలల నిషేధం, పైగా పరిహారం మీద పడే ప్రమాదం.

కాంట్రాక్టు గడువు కనీసం సీజన్ చివరి వరకు, గరిష్ఠంగా ఐదేళ్లు. ‘క్లబ్బు కోరితే మరో ఏడాది పొడిగింపు’ అన్న వాక్యం ఉంటే, ఆ ఏడాది జీతమెంతో, ఏ తేదీలోగా చెబుతారో రాయించండి. వసతి, భోజనం, గాయమైతే వైద్యం ఎవరి ఖర్చో ‘నోటితో చెప్పాం కదా’ అంటే ఒప్పుకోకండి. అన్ని పేజీల మీద సంతకాలయ్యాక మీ కాపీ అదే రోజు తీసుకోండి. కాంట్రాక్టులో, పాస్‌పోర్టులో, ఆధార్‌లో, సీఆర్‌ఎస్‌లో పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ముందో వెనకో అన్న తేడా మన తెలుగువాళ్ల కాగితాల్లో మామూలు, నమోదు చివరి రోజున అదే అడ్డం పడుతుంది.

ప్రశ్న: 24 ఏళ్లు. రైల్వే స్పోర్ట్స్ కోటాకు పోవాలా, ఇంకో ఏడాది క్లబ్బు కోసం చూడాలా?
– ఒక డిఫెండర్, మౌలాలి

జవాబు: 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టు ఉద్యోగుల జట్టే, కాబట్టి ఇందులో చిన్నతనం లేదు. రైల్వే బహిరంగ ప్రకటనల్లో స్పోర్ట్స్ కోటా వయసు 18 నుంచి 25, సడలింపు ఉండదు. క్లబ్బు వచ్చే ఏడాదైనా పిలవొచ్చు, ఈ వయసు తిరిగి రాదు. దక్షిణ మధ్య రైల్వే ప్రకటనలో మీ స్థానం అడిగారో లేదో చూసి దరఖాస్తు పెట్టండి, సర్టిఫికెట్లు ఏ స్థాయి టోర్నీవి చెల్లుతాయో అందులోనే ఉంటుంది. క్లబ్బులకు రాయడం మాత్రం ఆపొద్దు.